మూడు గోళ్లరంగు చుక్కలు

ఎర్రగడ్డ అంగట్ల ఆదివారం పొద్దున,
టార్పాలిన్ మీద
తుప్పు పట్టిన మిక్సీ జార్లు, ఒంటి చెప్పులు,
టీవీలు ఎప్పుడో చచ్చిపోయిన రిమోట్లు,
వాటి నడుమ పసుపుబారిన తెల్ల డబ్బా.
"చల్తదో లేదో నాకెర్కలే బిడ్డా, నూటయాభై ఇయ్యి"
అన్నది పోశవ్వ.
నూట ఇరవైకి తెగింది.
కాసెట్టు ఊరికే వచ్చింది.
దాని మీద రాసున్నది: తొంభైతొమ్మిది లక్షల ఆటలు.
ఉన్నవి ఏడు.
ఆ లెక్క నాకు చిన్నప్పుడే తెలుసు.

పగలు నేను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదువుత.
రాత్రి మౌలాలిల, కుట్టు మిషిన్ బల్ల మీద
సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతది.
రోజిన్ పొగ కిటికీల నుంచి పోతే
సాంబ్రాణి అనుకొని చంద్రకళక్క
ఒకసారి దండం కూడ పెట్టింది.

అనుకున్నది చిన్న పనే.
ఏంటెనాకు పోయే రేకు డబ్బీని తప్పించి
బొమ్మను నేరుగ పసుపు పిన్నుకు తియ్యాలె.
ఒక ట్రాన్సిస్టరు, రెండు రెసిస్టర్లు,
ఉబ్బిన కెపాసిటర్లు మార్చుడు.
గుజరాతీ గల్లీల మొయిజ్ భాయ్
చిట్టీ చూడకుండనే పొట్లం కడతడు.
"ఇంకా ఆడుతున్నరా వీటితోని?"
"ఆడం భాయ్, బాగుచేస్తం."
నవ్వి, ఒక ఫ్యూజు ఎక్కువ వేసిండు.

జాయ్‌స్టిక్ మొరాయిస్తే విప్పిన.
నాలుగు మరలు, ఒకటి వేరే జాతిది.
అంటే నాకన్న ముందే ఎవరో విప్పిన్రు.

లోపల
ఎనిమిది కాళ్ల నల్ల చిప్పు,
ట్రిపుల్ ఫైవ్ టైమర్,
వెల్లకిల పండబెట్టి, కాళ్లు మీదికి,
వేడి జిగురుతోని అంటించి ఉన్నది.
అతుకులు జొన్నగింజలంత, మెరుసుకుంట.
ఒక్కటంటే ఒక్క పుచ్చు అతుకు లేదు.
తీగ వెంట వేలు పెట్టి పోయిన.
స్టార్ట్ మీట కాడ ఆగింది.
ఆటను ఆపుతది, వదులుతది, ఆపుతది,
సెకనుకు ఎన్నోసార్లు.
బొమ్మ నడుస్తది కాని
నీళ్లల్ల నడిచినట్టు.

ఎవరి కోసం?

అడుగున చిన్న తిప్పుడు బిళ్ల.
దాని చుట్టూ మూడు చుక్కలు
ముదురెరుపు గోళ్లరంగుతోని.
ఒకటి బాగా మెల్లగ ఉన్న కాడ,
ఒకటి నడుమ,
ఒకటి దాదాపు మామూలు వేగం కాడ.
తేదీలు లేవు.

తేదీలు లేకనే నాకు నిద్ర పట్టలే.
మీటరు చక్రం ఎటు తిరుగుతదో చూసి బతికేదాన్ని,
ఇక్కడ ఎటు నుంచి ఎటో తెలుస్తలేదు.
పడి లేచిన పిల్లగాని వేళ్లు
ఒక్కో చుక్క దాటుకుంట బాగైనయా?
మంచిగ ఆడిన చేతులే
ఒక్కో చుక్క వెనకకు జారినయా?
నడిమి చుక్క చిక్కగున్నది.
అది సాక్ష్యం కాదు,
సీసా అడుగుకు వచ్చిందేమో.

మళ్లా ఆదివారం పోశవ్వను అడిగిన.
"బోరబండల ఎవరిదో ఇల్లు ఖాళీ చేసిన్రు,
తూకంల వచ్చింది" అన్నది.
తూకంల.
కిలోకు ఇంతని.

బొమ్మ ఇప్పుడు మంచిగ వస్తున్నది.
కుషాయిగూడల పుట్టిన మా పాత టీవీల
చీమలు పోయినయి, నీలం నిలబడ్డది.
"ఆ చిప్పు పీకెయ్, జాగా అయితది" అన్నడు మొయిజ్ భాయ్.
పీకలే.
దాని పక్క కెపాసిటర్ ఎండిపోతే
అదొక్కటే మార్చిన.
ఆ అతుకుల నడుమ నా అతుకు
మొద్దుగ కనబడ్డది.

నిన్న రాత్రి మొదటి చుక్క కాడ పెట్టి ఆడిన.
గోడ మీంచి దూకిన బొమ్మ
గాలిల చానాసేపు ఉంటది.
కింద గుంత కనబడతది,
అవతలి గట్టు కనబడతది,
వేలు లేపనీకి టైమ్ ఉంటది.
పక్కన ఎవరో కూసోని
"ఆగు... ఆగు... ఇగ నొక్కు"
అని చెప్పేటంత టైమ్.

మరలు బిగించిన.
వేరే జాతిదాన్ని
దాని పాత జాగలనే.