ముందు సీటు

దిదూబే బస్టాండులో బండి కదిలే ముందు
నుగ్జార్ తన ఫోను తీసి
ముందు సీటులో ఎవరుంటే వాళ్ల చేతికిస్తాడు.
చార్జీ అడగడం మర్చిపోతాడేమో గానీ
ఇది మర్చిపోడు.

ఇవాళ ఆ సీటు ఎతేరీది.
నల్ల తలగుడ్డ, ఒళ్లో బుట్ట,
బుట్టలో పడవల్లా ఒంపు తిరిగిన వేడి రొట్టెలు.
వాటి మధ్య ఫోనుని పడుకోబెట్టి
గుడ్డ కప్పింది, పసివాణ్ణి కప్పినట్టు.

వెనక సీట్లో నేను నవ్వుకున్నాను.
నేనూ బండి నడిపేవాణ్ణే. కూరగాయల వ్యాను.
ఒక చెయ్యి స్టీరింగు మీద,
ఒక చెయ్యి మా ఆవిడతో గొడవ మీద.
ఇన్నేళ్లూ ఏమయింది గనక?

అననూరీ కోట దాటాక మోగింది,
రొట్టెలు గుర్రుపెట్టినట్టు.
నుగ్జార్ చూపు రోడ్డు మీంచి కదల్లేదు.
"బండి నడుపుతున్నాడమ్మా" అంది ఎతేరీ,
"టమాటాలా? రెండు కిలోలా? చెబుతాలే."
బస్సంతా వింది. బస్సంతా గుర్తుపెట్టుకుంది.

పసనౌరీలో ఇంకోటి. ఎవరో అప్పులవాడు.
"పారిపోలేదు నాయనా, నడుపుతున్నాడు.
రెండూ ఒకటి కాదు."
పెట్టేసింది.

మ్లేతా దగ్గర రోడ్డు
మెలికలు తిరుగుతూ కొండెక్కడం మొదలెట్టింది.
ఎదురుగా లారీలు, వాటి ముక్కుల మీద మంచు.
అప్పుడు, మూడోసారి.

ఈసారి ఆమె ఏమీ అనలేదు.
వింది. చాలాసేపు వింది.
"ఊఁ" అంది ఒక్కసారి.
గుడ్డ మళ్లీ కప్పింది, అంచులు నొక్కి మరీ.

"ఎవరు?" అన్నాడు నుగ్జార్.
"నీకే. కొండ దిగిపోదులే. రోడ్డు చూడు."

ఆ మాటని గొంతులోనే పెట్టుకుని
ఎన్ని మలుపులు మోసిందో!
మంచు సొరంగాల చీకట్లో
లారీ దీపాలు పడ్డప్పుడల్లా
ఆమె పెదవులు కదలడం అద్దంలో చూశాను.
టమాటాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

కనుమ మీద, బండ్లు ఆగే చదునులో
ఆపమంది. ఆపాడు.
"ఇంజను కూడా."
"తాళాలియ్యి."
అర్థంకాకపోయినా ఇచ్చాడు.
వాటిని కోటు జేబులో వేసుకుని
అప్పుడు తీసింది ఫోను.
రొట్టె పొడి దులిపి
రెండు చేతులతో అందించింది.

చెవి దగ్గర ఫోనుతో
అతను మంచులోకి నడిచాడు.
కొంతదూరం పోయి, ఉన్నచోటే కూర్చుండిపోయాడు.
ఎవరో దుప్పటి పట్టుకుని పరిగెత్తారు.

ఎతేరీ వెనక్కి తిరిగింది.
"మీలో బండి నడపడం ఎవరికొచ్చు?"

నా చెయ్యి దానంతటదే లేచింది.
ఆమె నావైపు ఒక క్షణం చూసి
తాళాలున్న చెయ్యి జేబులోనే ఉంచి
ఖాళీ చెయ్యి చాపింది.

"ముందు అది ఇటివ్వు."