కాయ కొట్టెటోని లెక్క

మోండా మార్కెట్ల మూడో సందు మలుపుకాడ
ఒక మొద్దు, ఒక కత్తి, కింద పరుచుకునే గోనెసంచి
ఇంతే నా దుకాణం. ఏప్రిల్‌ల తెరుస్త, వాన పడంగనే మూస్త.
కిలో కాయ కొడితే పదిహేను రూపాయలు.
బేరమాడితే పన్నెండు.
పండుముసలామె అయితే ఆమె కొంగుముడిల ఎంతుంటే అంత.

మే మొదటి వారంల మేధ మేడం వచ్చింది.
కారు దిగకుంటనే అద్దం దించి చెప్పింది:
"మూడు వందల కిలోలు. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి.
లోపలి పొర తీసేయాలి. అన్నీ ఒకే సైజు."
"అమ్మా, మామిడికాయ ఏమన్న ఇటుకపెళ్లనా?" అన్న.
ఆమె నవ్వలే. కిలోకు ముప్పై ఇస్తనన్నది.
నేను గూడ నవ్వుడు బందు వెట్టిన.

నేను, ఖాజా, మా బామ్మర్ది జంగయ్య. రెండు దినాలు.
టెంక పగిలే చప్పుడు
రాత్రి పండుకున్నంక గూడ చెవుల్ల తిరిగింది.
సొన మోచేతుల దాక కారి తోలు నల్లగ పేలింది.
రెండో దినం మాపటికి కత్తి జారింది.
బొటనవేలు బచాయించింది, పక్కది తెగింది.
నెత్తురు పడ్డ ముక్కలు పదకొండు
మేడం లెక్కవెట్టి పక్కకు తీయించింది.
కసరలే. పర్సులకెల్లి పట్టీ తీసి తనే చుట్టింది.
ఆ పదకొండు కడుక్కొని ఇంటికి తెచ్చుకున్న,
తొక్కుల కలిపెయ్యమని.

ఆషాఢంల జూబ్లీహిల్స్‌ దిక్కు
ఒక పెద్ద షాపుకు కూరగాయల ట్రాలీ తోలుకపోయిన.
సల్లగున్నది లోపట. నేల మీద నా చెప్పుల అచ్చులు.
నగలు వెట్టినట్టు లైటు కింద సీసాలు వెట్టిన్రు.
పావుకిలో. ఎనిమిది వందల తొంభై.
మూతికి నారతాడు, తాడుకు అట్టముక్క:
"అనుభవం గల చేతులు ఒక్కొక్కటిగా కోసిన ముక్కలు."

వేలు చూసుకున్న.
మచ్చ ఇంక పచ్చిగనే ఉన్నది.

"ఏం చూస్తున్నవ్ కాకా?" అన్నడు సెక్యూరిటీ పిలగాడు.
"లెక్క చేస్తున్న" అన్న.
గండ్ల నా చెయ్యి నాలుగు రూపాయలు.
కాయ, గానుగ నూనె, చపాట మిర్చి, ఆవాలు, ఉప్పు
ఎంత ఎక్కువ వేసినా నూట ఇరవై.
సీసా నలభై అనుకో. తాడు, అట్ట, ఇంకో పదిహేను.
అవుతల అంత ఉత్త చీకటి, లెక్క అందలే.
ఆ లైటుకెంత, సల్లగాలికెంత
నాకు తెలిసేదెట్ల?

మేడంకు ఫోన్ చేసిన. ఏమనుకున్నా సరే అని.
"అన్నా, సగం షాపువాళ్లదే. పోయినేడు
రెండు వందల సీసాలు బూజు పట్టాయి. పారబోశా" అన్నది.
ఆ గొంతుల మా మార్కెట్‌ల టమాట కుళ్లినోని గొంతు ఇనవడ్డది.
తెల్లారి ఒక సీసా పంపింది, పైసలొద్దని.

పోశవ్వ మూత తీసి మొదట వాసన చూసింది.
"ఎల్లిపాయ లేదు. ఆవ జరంత చేదు.
నూనె మాత్రం అసల్‌ది" అని రెండోపారి అన్నం వెట్టుకున్నది.
"ఎంతనట?"
చెప్పిన.
నోట్లెకు పోయే ముద్ద ఆగింది.
ముక్కను తీసి కంచం అంచుకు పెట్టింది, దానికి దెబ్బ తగులుతదేమో అన్నట్టు.
జరసేపైనంక అదే ముక్క తీసుకొని
టెంక తెల్లగయ్యేదాక చీకింది.
"పైసలు పెట్టి కొనేదైతే కాదు" అన్నది.
"ఊకెనే వస్తే మంచిగున్నది" అని గూడ అన్నది.

సీసా పక్కన మా జాడీ ఉన్నది.
నా పదకొండు ముక్కలు దాంట్ల ఏవో గుర్తువట్టలేం.
పోయిన వారమే తినేసినమేమో.

వచ్చే ఎండకాలం కిలోకు ఇరవై అడుగుత.
బేరమాడితే పద్దెనిమిది.
పండుముసలామె రేటు మాత్రం మారదు.