రెండు గీతల నడుమ

కాజీపేట, బాపూజీనగర్. ఆదివారం ఆరున్నర.
నీళ్ల ట్యాంకరు ఇంకా రాలె.
అయిదు నిమిషాలు ఇంజన్ నడిపిచ్చి ఆపిన,
ఆయిలు కొంచెం కాగాలె, చెయ్యి కాలొద్దు.

"జాకీని నమ్మకు బిడ్డా,
అది లేపుడుకే, కింద దూరుడుకు కాదు"
అనుకుంట యాకయ్య మామ
పాత రైలు స్లీపరు ముక్కలు ఈడ్చుకొచ్చిండు.
డీజిల్ షెడ్డుల ముప్పై నాలుగేండ్లు చేసిన మనిషి.
రిటైరైననాడు ఇచ్చిన గోడగడియారం ఎన్నడో ఆగింది గని
ఆ కట్టెలకు తారు వాసన ఇంకా పోలె.

అట్టపెట్టె పరిచి ఎల్లకిల పండి కిందికి జరిగిన.
కొత్త కార్లకు కడుపు కనపడదు,
నల్ల ప్లాస్టిక్ కవరు, పదకొండు క్లిప్పులు.
ఒకటి పటుక్కున ఇరిగింది.
"ఇంక పది ఉన్నయి గద" అన్నడు మామ.

పదిహేడు నంబరు పానా.
బోల్టు మొరాయించి మొరాయించి ఒక్కసారే ఒప్పుకుంది.
నల్లటి ధార
సగం పల్లీనూనె డబ్బాలకు,
సగం నా మోచేతి మీదికెల్లి చంకలకు.

"ఇంజన్‌కు ఇదే నెత్తురమ్మా"
గోడ మీదికెల్లి రఘోత్తం సారు.
అందరనే మాటే.
ఎంజీఎం ల్యాబుల దినాం నూరుమంది నరాలు తడిమేదాన్ని,
నాకా మాట నచ్చదు.
నెత్తురు గడ్డకట్టకుంటే మనిషి పోతడు,
ఇది గడ్డకడితే ఇంజన్ పోతది.
ఆయిలును ఆయిలనే అందాం సారూ.

ఫిల్టర్ ఇప్పి ఎలుగుకు తెచ్చిన.
దాని నెత్తిన
ఎర్రటి గోరురంగు చుక్క.

నేను పెట్టిందే. పోయిన సర్వీసుకు ముందురోజు,
టార్చి పట్టుకొని, చెయ్యి దూర్చి.
పేరు రాయని సీసాను ముట్టని అలవాటు నాది.
షోరూముల అద్దాల ఎనక కూసోవెట్టి కాఫీ ఇచ్చిన్రు,
"కొత్త ఫిల్టర్ ఏసినం మేడం" అని
ఏడువేల నాలుగు వందలకు రసీదు ఇచ్చిన్రు.
చుక్క మాత్రం ఎక్కడికీ పోలె.

మామ దాన్ని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
సేపటికి అన్నడు:
"మా షెడ్డుల రిజిస్టరుకు రెండు సంతకాలుండె.
చేసినోనిదొకటి, చూసినోనిదొకటి."

కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితోని ఆయిలు రాసి,
చేతితోనే బిగిచ్చిన, పానా ముట్టకుంట.
బోల్టుకు కొత్త వాషరు.
డబ్బా వంచితే మామ నోరెల్లబెట్టిండు:
"గిది ఆయిలా, కొబ్బరినీళ్లా?
మా ఇంజన్లకు ఇది పోస్తే నవ్వుతుండె."
ఈ కార్లకు గంతే మామా, పలుచగ.
మూడు లీటర్లు పోసి ఆపిన.
ఒక్క నిమిషం నడిపిచ్చి మళ్లా ఆపిన.

ఇగ ఎదురుచూసుడే.
పైనున్నదంతా కిందికి దిగాలె.
బల్లార్షా దిక్కు గూడ్సు పోయింది,
మామ పెదవులు కదుపుకుంట డబ్బాలు లెక్కపెట్టిండు.

కడ్డీ తీసి తుడిచిన.
ముంచి మళ్లా తీసిన.
కింది గీత దాటింది, పై గీతకు ఇంక రానేలేదు.
ఇంకో గిలాస పోసి, మళ్లా చూసిన.
తేనె రంగు, రెండు గీతల నడుమ.
"చాలు" అన్నడు మామ. "నిండుగ అంటే మంచిగ అని కాదు."

లోపల తెర మీద
"సర్వీసు గడువు దాటింది" అనే ఉంది.
దానికేం తెలుసు?
బటన్ పది సెకండ్లు ఒత్తిపట్టిన.
నూటికి నూరు అన్నది.
చుక్క ఆయిలు మార్చకున్నా
నూటికి నూరే అంటుండె.

క్యాలెండరు మీద కిలోమీటర్లు రాసి సంతకం పెట్టిన.
పెన్ను మామకిచ్చిన.
కడ్డీ ఇంకోసారి తీసి, చూసి,
అప్పుడు పెట్టిండు.

నల్లాయిలు మోరిల పొయ్యలె.
డబ్బా మీద అదే గోరురంగుతోని రాసిన:
వంటకు కాదు.

ఆసుపత్రికి పొయ్యొచ్చి సోమవారం సాయంత్రం
కారు కింద అట్ట పెట్టిన.
కొంచెంసేపటికి చూస్తే రూపాయంత తడి.
గుండె జారింది.
వేలు అద్ది వాసన చూసిన,
రెండు వేళ్లతోని రుద్ది చూసిన.

నీళ్లు. ఏసీవి.