అయస్కాంతం చేసిన పని

షట్టరు సగమైనా ఎత్తనివ్వలేదు నీబాల్దో.
"సునిల్దా, ముందు ఇది బిగించు" అన్నాడు.
అట్టపెట్టె మీద ఒక ఆకు, ఒక నీటిబొట్టు,
కారు పక్కన పళ్లన్నీ చూపిస్తూ ఒక కుటుంబం.
లోపల రెండు అయస్కాంతాలు,
నాలుగు ప్లాస్టిక్ పట్టీలు,
ఏడు భాషల్లో ఒకే అబద్ధం.

పెట్రోలు గొట్టానికి కట్టాలట.
అణువులు బడిపిల్లల్లా వరసలో నిలబడతాయట.
నూటికి ఇరవై మిగులుతుందట.
ఎవరన్నారయ్యా అంటే
రేవు దగ్గర తెల్లకోటు వేసుకున్న కుర్రాడు.
తెల్లకోటు చేపలు కోసేవాళ్లూ వేసుకుంటారు, నీబాల్దో.
వినలేదు.

వినడు మరి.
వల్పరైసోలో వీధులు పడుకోవు,
నిటారుగా నిలబడి ఉంటాయి.
నలుగురిని ఎక్కించుకుని
మొదటి గేరులో మూలుగుతూ ఎక్కాలి,
బ్రేకు మీద కీచుమంటూ దిగాలి.
కింద సముద్రం ఊరికే కనిపిస్తుంది;
బంకులో అంకెలు మాత్రం
గురువారం గురువారం మారతాయి.
అరచేతిలో వైకుంఠం చూపించేవాడికి
ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

ఇరవై ఆరేళ్లుగా ఈ గుంతలో వెల్లకిలా పడుకుని
బళ్ల కడుపులు చూస్తున్నాను.
ట్యాంకులో వేసే మాత్రలు చూశాను,
అడుగున బురదై కూర్చున్నవి.
గాలిగొట్టంలో పెట్టే బుల్లి ఫ్యాను చూశాను,
దాని రెక్కొకటి విరిగి ఇంజన్లోకి పోయింది.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది:
ఆ కారులో ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి.
లైటరు కన్నంలో గుచ్చే డబ్బా ఒకటి విప్పాను.
ఒక పచ్చ బల్బు, ఒక ఎర్ర బల్బు,
మిగతాదంతా గాలి.
వెలగడమే దాని ఉద్యోగం.

అయినా బిగించాను. డబ్బు అతనిది.

మూడు వారాలకి గళ్ల నోటుబుక్కుతో వచ్చాడు.
ట్యాంకుకి ఇదివరకు నాలుగొందల కిలోమీటర్లు,
ఇప్పుడు నాలుగొందల అరవై.
"ఇప్పుడేమంటావు?"

ఏమంటాను?
నోటుబుక్కు కొన్నదీ అయస్కాంతంతో పాటే కదా.
ఇదివరకటి లెక్క ఎక్కడ రాశావు?
జ్ఞాపకంలో నడిచే కారు
ఎప్పుడూ ఎక్కువే తాగుతుంది.

ఆ మాట పైకి అనలేదు.
పక్క సీట్లో కూర్చుని ఒక ట్రిప్పు వెళ్లొచ్చాను.
పాదం కింద కోడిగుడ్డు ఉన్నట్టు
యాక్సిలరేటరు తొక్కుతున్నాడు, ఈ మనిషి!
ఎర్ర దీపం దూరాన కనిపించగానే కాలు తీస్తున్నాడు.
వరసలో వంతు రాకపోతే ఇంజను ఆపి
సోడాబండి వాడితో కబుర్లు.
డిక్కీలో ఏళ్లుగా మోసిన ఇనుప సామాను లేదు.
టైర్లలో గాలి, దేవుడా, సరిగ్గా ఉంది.

మార్చిలో ఆయిలు మార్చడానికి వచ్చినప్పుడు
అయస్కాంతాలు రెండూ ఊడదీశాను.
చెప్పకుండా తీయడం తప్పే.
నాకూ ఒక లెక్క కావాలనిపించింది.

ఏప్రిల్ నాలుగొందల అరవై అయిదు.
మే నాలుగొందల డెబ్బై.
నోటుబుక్కు నా మొహం ముందు ఆడిస్తూనే ఉన్నాడు,
నేను తల ఊపుతూనే ఉన్నాను.

జూన్‌లో వాన.
లోపల నిలబడి కాఫీ తాగుతూ
ఇనుప బీరువా మీద నా కరెంటు బిల్లు చూశాడు.
బిల్లు కాదు, దాన్ని పట్టుకున్నవాటిని.
ఒకటి లాగాడు. వదిలాడు. టక్.
"ఎప్పటినుంచి?"
"మార్చి."

వేలు తడి చేసుకుని వెనక్కి తిప్పాడు పేజీలు.
మే. ఏప్రిల్. మళ్లీ మే.
తిడతాడనుకున్నాను.
గెలిచాననీ అనుకున్నాను, దాచడమెందుకు.

"మళ్లీ బిగించు" అన్నాడు.
"పనిచేయవని చూశావుగా?"
"నేను చూశాను.
నా కాలు ఇంకా చూడలేదు.
దానికి తెలిస్తే ఊరుకోదు, సునిల్దా."

వాన తగ్గేదాకా ఇద్దరం ఏం మాట్లాడలేదు.
తర్వాత గుంతలోకి దిగాను.
కూలి తీసుకోలేదు.
కరెంటు బిల్లు
ఇప్పుడు మేకుకి వేలాడుతోంది.