కడపంక్తి

ఇరవై నాలుగు సీట్లు.
చేప తొమ్మిది, బాతు పది, పాస్తా అయిదు.
లిస్బన్‌లో తలుపు మూయకముందే
లెక్క నాకు తెలుసు.
ఎవరికి కోపం వస్తుందో ఒక్కటే తెలియదు.

మెనూ కార్డు మందంగా, మీగడ రంగులో.
వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి.
ప్రతి వంటకానికీ ఒక ఊరు, ఒక నూనె, ఒక ఆకు.
పైన "మీ ఇష్టం" అని ఉంటుంది.
ఆ రెండు మాటలు రాసిన మనిషి
ఆరో వరుసకు ఏనాడూ ట్రే మోసి ఉండడు.

ముందు వరుస నుంచి మొదలుపెట్టాలి, అది రూలు.
ఒకటిలో చేప. చేప. బాతు. చేప.
రెండులో చేప, నిద్ర, చేప, చేప.
మూడులో ఒకాయన, చేపలో ముళ్ళుంటాయా అన్నాడు.
ఉండవన్నాను.
అయితే రుచేముంటుందని బాతు తీసుకున్నాడు.
మనసులోనే ఆయనకో దండం పెట్టాను.
ఆయన పక్కవాళ్ళు ముగ్గురూ చేపే.

అంతే, అయిపోయింది.
ఇంకా ఆఫ్రికా తీరం కూడా దాటలేదు.

నాలుగో వరుస కిటికీ దగ్గరాయన
నా గుండెల మీది పేరు చదివాడు, మెల్లగా, కూడబలుక్కుని.
"జుల్మీరా, నేనింత డబ్బు పోసి కొన్నదేమిటి?
సీటా? సీటు వెనకాల కూడా ఉంది.
ఎంచుకునే వీలు కొన్నాను."
నిజమే. సమాధానం లేదు నా దగ్గర.
బాతు ఉంది, ఇచ్చాను.
చర్మం ఒలిచి పక్కన పెట్టి,
అన్నం మాత్రం అంచుల దాకా తిన్నాడు.

వడ్డించేవాడు మనవాడైతే
కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు.
నేను అందరి మనిషినే.
కడపంక్తికి చేరేసరికి
నా చేతుల్లోనే ఏమీ ఉండదు.

ఆరో వరుసలో డోనా ఎర్కులానా.
వెనక సీట్లు నిండిపోయి, ఎవరో ముందుకు పంపారు.
చెప్పులు విప్పి, జతగా, గోడవైపు పెట్టుకుంది.
"పాస్తా ఒక్కటే ఉందమ్మా, క్షమించాలి" అన్నాను.
"ఒక్కటే ఉంటే క్షమాపణ ఎందుకు?
రెండుంటే కదా తప్పు జరిగేది."

బెయిరాలో బడిపిల్లలకు వండిందట, ముప్పై ఒక్క ఏళ్ళు.
సోమవారం మొక్కజొన్న సంకటీ చిక్కుడు గింజలూ.
మంగళవారం చిక్కుడు గింజలూ సంకటీ.
ఎవరూ ఆమెను అడగలేదు, ఆమే ఎవర్నీ అడగలేదు,
చెవిలో ఎప్పుడూ పెన్సిలు ముక్క పెట్టుకునే
ఒక పిల్లాడు తప్ప.
వాడు రోజూ పళ్ళెం చాపి,
"ఇవాళేముంది?" అనేవాడు.
మొదట్లో గరిటె చూపించి కసిరిందట.
తర్వాత ఒకనాడు
"ఇవాళ రైలు సంకటి" అనేసింది.
మర్నాడు వాన సంకటి.
పరీక్షల ముందు హెడ్‌మాస్టరు నిద్రపోయిన సంకటి.
వాడు కాసేపు ఆలోచించి, గంభీరంగా,
"అదే కావాలి" అనేవాడు.

"ఇంతకీ ఇదేమిటి?" అంది, మూత వైపు చూస్తూ.
కార్డు చూసి చదివాను:
పర్వతాల నీడలో పెరిగిన పుట్టగొడుగులు,
మెత్తని పిండి పొరల్లో, అడవి ఆకుల సువాసనతో.
ఆమె కళ్ళు మూసుకుంది.
కాసేపు ఆలోచించింది.
"అదే కావాలి" అంది.

ట్రేలు తీసేటప్పుడు చూశాను.
తొమ్మిది చేపల్లో నాలుగు
ఒక మూల గిల్లి వదిలినవే.
సంచీలోకి తోసేశాను, చప్పుడు కాకుండా.
కిందెక్కడో ఎడారి. ఒక్క దీపం లేదు.

భూమధ్యరేఖ దగ్గర
రెండో వరుస నిద్ర లేచింది.
"ఆకలేస్తోంది, ఏముంది?" అన్నాడాయన, జుట్టు చెరిగి, చిన్నపిల్లాడిలా.
రైలు పాస్తా అని
నోటి చివరిదాకా వచ్చింది.
"క్షమించాలి సార్" అన్నాను.

ఆయన దీపం వేసుకుని, కార్డు తెరిచి,
చేప దగ్గర వేలు పెట్టి
నా వైపు చూశాడు.