నలభై అయిదు నిమిషాలు

ఖొరోగ్ నుంచి దుషాన్బేకి ఎంతసేపమ్మా అంటారు.
నలభై అయిదు నిమిషాలంటాను.
గోడమీది అట్టముక్క మీదా అదే ఉంది.
పదకొండేళ్లుగా ఈ కిటికీలోంచి
నేను చెబుతున్న అబద్ధం అదొక్కటే.

విమానం అక్కడ లేస్తేనే ఇక్కడికొస్తుంది.
ఇక్కడికొస్తేనే ఇక్కణ్ణుంచి వెళ్తుంది.
మధ్యలో కొండలు, వాటి మీద మబ్బు.
మా బుల్లి విమానం శిఖరాల మీంచి పోదు,
ఇరుకు గుమ్మంలోంచి మంచం దాటించినట్టు
కాస్త పక్కకి ఒరిగి
సందుల్లోంచి పోతుంది.
మబ్బు విడితేనే నా పెన్సిలు కదిలేది.

ఈసారి నాలుగు రోజులు విడలేదు.
పదిహేడు సీట్లు. అరవై రెండు పేర్లు.
ఉప్పువేసిన పాలటీలో రొట్టె నానేసుకుంటూ
బయట మెట్ల మీద జనం.
నర్సు పరీక్షకి పోవాల్సిన సవ్సన్
ఎముకల పేర్లు పైకి చదువుతోంది,
వినీ వినీ ఆమెకంటే ముందు
కాపలా కుర్రాడికి వచ్చేశాయి.

లిస్టులో మొదటి పేరు ముబోరక్షో తాత.
జేబురుమాల్లో విరిగిన పళ్ల సెట్టు.
రెండో రోజు చీకటిపడేవేళ లేచి
పంచె దులుపుకున్నట్టు కోటు దులుపుకుని
'జీపులో పోతున్నా' అన్నాడు.
పదహారు గంటలు తాతా, నడుం విరుగుతుంది.
'నడుం నాదేలే. పేరు మాత్రం కొట్టెయ్యకు.'

ఆ దారి నాకు తెలుసు.
పంజ్ నది పక్కనే రోడ్డు,
ఆవలి ఒడ్డు అఫ్గాను ఊళ్లు, కూతవేటు దూరం.
తివాచీ ఉతికే ఆడమనిషి, బరువు మోసే గాడిద,
అన్నీ ముఖాలు గుర్తుపట్టేంత దగ్గర.
ఎవరూ ఎవర్నీ కూతపెట్టరు.

నాలుగో రోజు తొమ్మిదిన్నరకి ఫోను:
లేచింది, వస్తోంది.
జనం మెట్లమీంచి ఒక్కసారి లేచారు.
మూటల్నీ మనుషుల్నీ కలిపి తూచాను.
ఎండు మల్బరీల సంచి కోసం కాసేపు గొడవైంది.
తర్వాత అందరం తలలెత్తాం.
కనుమ అవతల చప్పుడు,
దగ్గరయింది,
ఇంకాస్త దగ్గరయింది,
అక్కడే కాసేపు తచ్చాడి
వచ్చిన దారినే సన్నబడిపోయింది.
ఎవరూ ఏమీ అనలేదు.
సవ్సన్ మోచేతి ఎముక దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టింది.

తూచిన మూటలు ఇంకా తక్కెడ పక్కనే ఉన్నాయి,
ముబోరక్షో తాత ఫోను.
'దుషాన్బే ఎయిర్‌పోర్టులో ఉన్నా.
ఇక్కడ ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.
చిన్న విమానం ఒకటి దిగుతోంది, మీదేనా?'
మాదే తాతా.
'పళ్లు కుదిరాయి, విను' అని
ఫోన్లో ఆపిల్ కొరికాడు.
కరకరమంది.

అక్కడేం చేస్తున్నావు మరి?
'తిరుగు ప్రయాణానికి పేరు రాయిస్తున్నా.
ఎంతసేపమ్మా అని కిటికీలో పిల్లనడిగా.'
ఏమంది?

నమిలి, మింగి,
మర్యాదగా చెప్పాడు.