మద్దిలేటీ, ఏం కొనల్లంటే

మద్దిలేటీ,
నిన్న టీ బంకు కాడ ఫోను నా ముందర పెట్టి
"కూతురు పుట్టె గదన్నా, వీట్లో ఏది కొనల్ల?" అంటివి.
అంతలో సైరను కొట్టె, నేను లోపలికి పోతి.
ఇప్పుడు చెప్తా ఉండా, ఇను.

పాల సీసా వెచ్చజేసే మిషను వద్దు.
మా బామ్మర్ది బళ్లారి నుంచి తెచ్చె.
అట్టపెట్టె మీద మంచు పడే కిటికీ,
స్వెట్టరేసుకున్న నాయన.
మన తాడిపత్రిలో మే నెల వస్తే
మిద్దె మీది ట్యాంకు నీళ్లల్లో చెయ్యి పెట్టగలమా?
చాంద్‌బీ ఇప్పుడు దాంట్లో జడపిన్నులు ఏసుకుంటాది.

బిడ్డను ముందర కట్టుకునే సంచి తీసుకో, సిగ్గుపడాకు.
నేను కట్టుకోని సంతకు పోతే
ఉల్లిగడ్డల ఓబులేసు
"ఏం అమ్ముతాండావు నాయనా?" అనె.
సంచిలోంచి కాలొకటి బయటికొచ్చి తన్నితే గానీ నమ్మలే.
"మా కాలంలో మొగోడు బిడ్డనెత్తుకుంటే నగుతా ఉండ్రి" అని
తూకం మీద ఒక గడ్డ ఎక్కువేసె.

కెమెరా మాత్రం కొను.
ఉయ్యాల పైన గోడకు మేకు కొట్టి తగిలిస్తి.
మధ్యాన్నం నాపరాళ్ల మీద చల్లని తావు చూసి కూకోని
అన్నం గిన్నె తెరవక ముందే ఫోను తెరుస్తా.
ఒకసారి మైకు నొక్కి "రేష్మా" అంటి.
పాప ఉలిక్కిపడి ఫ్యాను కల్లా చూసె.
మళ్లీ పిలిస్తి.
ఫ్యాను కల్లా చూసి నవ్వె.
పదైదు దినాలాయె,
"నాయన యాడ?" అని ఎవురడిగినా
ఇప్పటికీ ఫ్యానే చూపిస్తాది.

ఒక యాప్ ఉండాది, దుడ్లు లేవు.
ఎన్నిసార్లు పాలు తాగె, ఎన్నిసార్లు గుడ్డ తడిపె, నొక్కుతా ఉండల్ల.
రాత్రి పదకొండుకు నన్ను గూడా అడుగుతాది,
"నాన్నా, ఈరోజు మీకెలా ఉంది?"
ఐదు మొగాలు చూపిచ్చి ఒకటి నొక్కమంటాది.
రెప్పల మీద రాతిపొడి పేరుకున్న మొగం
ఆ ఐదింట్లో లేదు.
ఆ మాట ఇంకెవురూ అడగలే,
అందుకే దాన్ని తీసెయ్యలే.

వేలు పెడితే తెరుచుకునేవి వద్దే వద్దు.
పదేండ్ల పాలిష్ పనికి
నా బొటనేలు నాపరాయి మాదిరి నున్నగాయె.
ఫోను గుర్తుపట్టదు, రేషను మిషను గుర్తుపట్టదు.
పాప పట్టుకోని నోట్లో పెట్టుకుంటాది,
అందుకే ఇంటికి పోతానే రెండుసార్లు సబ్బేసి కడుగు.
గోళ్ల సందుల్లో పొడి పోదు, పుల్లతో తియ్యి.
ఇది ఏ యాప్‌లోనూ రాసిండరు.

ఇంగ నిద్రపుచ్చే శబ్దాలు.
సముద్రం పెడితే ఏడ్చె.
రైలు పెడితే కండ్లు పెద్దవి చేసుకోని ఇనె.
వాన పెడితి,
ఐదు నిమిషాల్లో పడుకునె.
నడిరేత్రి పడసాలలో మంచం కిర్రుమనె.
మా అత్త మాబున్నీ కొంగు బిగించుకోని
"వానొచ్చె, వానొచ్చె, శెనక్కాయలు!" అని
చీకట్లో మిద్దె మెట్లెక్కి పోయె.
నేను ఎనక పోతి.
ఆరబోసిన కాయల నడుమ
రెండు చేతులూ చాపుకోని నిలబడి ఉండాది.
మబ్బు తునక లేదు. అన్నీ చుక్కలే.
"నాకు ఇనపడె గదా అల్లుడా" అనె.
ఫోనులో వాన అని చెప్పనీక నోరు రాలే.
"దూరంగా పడినట్టుంది, యాడికి తట్టు" అంటి.
"యాడో ఒకచోట పడనీ" అని
కాయలు కుప్పజేసి పట్ట కప్పె.
నేను కొనలు పట్టుకోని రాళ్లు పెడితి,
మన పాలిష్ రాళ్ల తునకలే.

అప్పటి నుంచి సౌండు తగ్గిస్తా ఉండా,
పాపకు ఇనపడేంత,
అత్తకు ఇనపడనంత.
ఆ గీత యాడుందో ఇంకా దొరకలే.
నిన్న రేత్రి కూడా మంచం కిర్రుమనె.

ఆ సీసా మిషను ఊరికే చూస్తానంటే చెప్పు,
పిన్నులు తీసిస్తా.